తడి కేసులు

ఫోను పాడైందని వచ్చేవాళ్ళలో నిజం చెప్పేవాళ్ళు ఉంటారని డాక్టరు నమ్మడు. పద్దెనిమిదేళ్ళుగా అదే కౌంటరు వెనక, అదే గుండ్రటి భూతద్దం ముందు కూర్చుని అతను ఈ సంగతి రూఢి చేసుకున్నాడు. కింద పడలేదంటారు, మూల చూస్తే నొక్కుకుపోయి ఉంటుంది. పిల్లలు ముట్టుకోలేదంటారు, చార్జింగు కన్నంలోంచి బిస్కెట్టు పొడి రాలుతుంది. దిండు కింద పెట్టి చార్జింగు చేస్తారు, ఎండలో ఆపిన కారులో పవర్ బ్యాంకు వదిలేస్తారు, చెవుల్లో పెట్టుకునేవాటిని చొక్కా జేబులోనే ఉంచి ఉతికేస్తారు. ఆ తర్వాత తీరిగ్గా వచ్చి కంపెనీని తిడతారు. అతను చదివింది డాక్టరీ ఏమీ కాదు. ఫోన్లకి వైద్యం చేస్తాడని షాపులో ఎవరో సరదాకి అన్న పేరు అతుక్కుపోయింది, అతనూ కాదనలేదు. మనుషుల డాక్టర్ల కన్నా తనకే రోగుల అబద్ధాలు ఎక్కువ తెలుసని అతని గట్టి నమ్మకం.

"సార్, ఏ ఫోను కొనుక్కోమంటారు?" అని ఎవరైనా మర్యాదగా అడిగితే, "ఏది కొన్నా ఉండేది మీ చేతిలోనేగా," అంటాడు. అడిగినవాడి ముఖం మాడిపోతుంది. అతనికి ఆ రోజంతా హాయిగా ఉంటుంది.

అతని పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది తెల్ల స్టిక్కరు. ప్రతి ఫోను లోపలా బ్యాటరీ పక్కన బియ్యపు గింజంత స్టిక్కరు ఒకటి ఉంటుంది. నీటి చుక్క తగిలితే ఎర్రబడుతుంది. ఎర్రబడితే వారంటీ లేదు, వాదన లేదు, ఏడుపు లేదు. మూత తీస్తాడు, పెదాలు ముందుకు చాచి ఉఫ్‌మని ఊది దుమ్ము ఎగరగొడతాడు, టార్చి అందుకుని స్టిక్కరు చూస్తాడు. నోటితో ఊదవద్దనీ, దుమ్ము కొట్టడానికి రబ్బరు బుడ్డి వాడమనీ కంపెనీ చెప్పింది. ఆ బుడ్డి ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా సొరుగులో పడుంది. చేతకానివాళ్ళ కోసం అది, అంటాడు డాక్టరు.

ఈ రెండు నెలల్లో అతను తడి కేసులు విపరీతంగా పట్టాడు. ముందు నెలకి ఆరో ఏడో వచ్చేవి, ఇప్పుడు వారానికి ఏడెనిమిది. వారంటీ ఖర్చు తగ్గిందని మేనేజరు పొంగిపోయి అతని ఫోటో తీయించి, కింద 'ఈ నెల మేటి' అని రాయించి గోడకి తగిలించాడు. ఆ ఫోటోలో డాక్టరు పెదాలు బిగించి, నవ్వకుండా ఉన్నాడు.

మంగళవారం పదకొండింటికి ఆమె వచ్చింది. నీలం కోటు, మెడలో కార్డు, టోపీ పెట్టి పెట్టి నుదుటి మీద పడిన గీత. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి లెక్క ఎక్కించే మనిషి. సంచీలోంచి ఒక గుడ్డ తొడుగు తీసింది, దానికి లోపల మెత్తటి పొర, పైన బొత్తం. ఆ తొడుగులోంచి ఆఫీసు వాళ్ళు ఇచ్చిన ఫోను తీసింది. దాని నాలుగు మూలలకీ సైకిలు ట్యూబు ముక్కలు కత్తిరించి అతికించి ఉన్నాయి. ఇంత ముస్తాబు చేసేవాళ్ళే ఎక్కువ దాస్తారని డాక్టరు మనసులో అనుకున్నాడు.

"ఏమైంది?"

"దానంతటదే ఆరిపోతోందండీ. సగం వీధి అయ్యేసరికి ఆరిపోయేది, కాసేపాగితే వచ్చేది. నిన్నటి నుంచి అసలు రావడం లేదు."

"నీళ్ళలో పడిందా?"

"లేదండీ."

"వానలో తడిసిందా?"

"వానొస్తే ఇది సంచీలోకి పోతుంది. తడిసేది నేను."

ఆ జవాబు అతనికి నచ్చలేదు. కౌంటరు దగ్గర జోకులు తనవే ఉండాలి. స్క్రూలు విప్పి, సన్నటి రేకుతో చుట్టూ గీసి మూత లేపి పక్కన పెట్టాడు. ఆమె ముందుకు వంగింది, తన సొంత ఫోను పైకెత్తింది, మళ్ళీ దించింది. అతను పట్టించుకోలేదు. ఉఫ్‌మని ఊదాడు, పక్కకి తిరిగి టార్చి అందుకున్నాడు, వెలుతురు వేశాడు. స్టిక్కరు మీద ఎర్రటి మరక.

"తడి కేసు," అన్నాడు.

"అంటే?"

"అంటే ఫోనులో నీళ్ళు పోసుకుని వచ్చి నాకు కథలు చెప్తున్నారని. వారంటీ లేదు."

"నాకు వారంటీతో పని లేదండీ," అని ఆమె మడత పెట్టిన కాగితం ఒకటి తీసి అద్దం మీద పరిచింది. ఆఫీసు ఇచ్చిన నోటీసు. పరికరం తయారీ లోపం వల్ల చెడితే వేరేది ఇస్తారు. అజాగ్రత్త వల్ల చెడితే ఆ మనిషిని పనిలోంచి తీసేస్తారు. గురువారం లోపల సర్వీసు సెంటరు రిపోర్టు చూపించాలి. "ఇద్దరు పిల్లలు, ఒకటే జీతం. మీరు రాసే ముక్క మీద నా పని ఉంది. ఇంకోసారి చూడండి."

"ఇంకోసారి చూస్తే తెల్లబడుతుందా?" అంటూనే డాక్టరు కంప్యూటర్లో గళ్ళు నింపేశాడు. ఫోను ఆఫీసుది కాబట్టి రిపోర్టు నేరుగా ఆఫీసుకే పోతుంది. ఒక్క బొత్తం నొక్కాడు, పోయింది. ఆమె చూస్తుండగానే పోయింది.

 ఆమె తన ఫోను తిప్పి అతని ముందు పెట్టింది. "ఇది చూడండి."

మూత తీసిన ఫోను ఫోటో. బ్యాటరీ పక్కన బియ్యపు గింజంత స్టిక్కరు, తెల్లగా.

"ఇదెప్పుడు తీశారు?"

"మీరు మూత తీయగానే. మాకది అలవాటండీ. మీటరు పెట్టె తలుపు తీయగానే ముందు ఫోటో, ఆ తర్వాతే చెయ్యి. లేకపోతే సీలు నేనే తెంచానంటారు. మీరు మూత తీసినప్పుడు తెల్లగా ఉంది. టార్చి వేసేసరికి ఎర్రగా ఉంది. మధ్యలో అది మీ చేతుల్లోనే ఉంది."

డాక్టరుకి ఒళ్ళు మండింది. లైటు పడి తెల్లగా వచ్చిందన్నాడు. ఇక్కడ ఫోటోలు తీయకూడదన్నాడు. అలాగని రాసిన బోర్డు చూపించమంది ఆమె. ఆ మాటకి వెనక అద్దాల గదిలోంచి మేనేజరు వచ్చాడు. పెళ్ళిలో ఎదురొచ్చినంత నవ్వుముఖంతో వచ్చి, సంగతి తెలియగానే ఆ నవ్వు అక్కడే పారేశాడు.

"చూడమ్మా, మా డాక్టరు గారి చేతిలో వేల ఫోన్లు నడిచాయి. ఆయన కంటే మీకెక్కువ తెలుసా? ఫోను తీసుకుని బయల్దేరండి."

"రిపోర్టు మార్చేదాకా తీసుకోను," అని ఆమె వెళ్ళి గోడవార బెంచీ మీద కూర్చుంది. షాపు మూసేదాకా అక్కడే కూర్చుంది. ఏడవలేదు, అరవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. డాక్టరు తలెత్తినప్పుడల్లా ఆ నీలం కోటు కనబడేది. ఏడ్చి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది, ఏడ్చేవాళ్ళతో ఎలా మాట్లాడాలో అతనికి తెలుసు.

బుధవారం పొద్దున ఇంట్లో టిఫిను తింటూ అతను ఆ సంగతే భార్యకి చెప్పాడు. చెప్పడమంటే భార్యనే తిడుతున్నట్టు చెప్పాడు. భార్య పక్కకి జరిగి, బల్ల మీదున్న తన ఫోనుని కొంగుతో తుడుచుకుంది.

"ఏమండీ, కోపంగా మాట్లాడేటప్పుడు కాస్త గోడవైపు తిరిగి మాట్లాడండి. ఫోను తడిసిపోతోంది."

"నా బాధ నాది, నీకు ఫోను గోల."

"ఆ పన్ను పీకించుకుని రెండు నెలలైంది. కొత్తది కట్టించుకోండి, సందులోంచి తుంపర పడుతోందని చెప్తే వినరు. నాకు చెవుల్లో పెట్టుకునేవి కొనిపెట్టమని ఏడాదిగా అడుగుతున్నాను, అదీ వినరు."

"కొంటే వారంలో పారేస్తావు."

"ఆ వారమైనా మీ మాటలు వినపడకుండా ఉంటాయి," అని భార్య కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అతను చెయ్యి కడుక్కుని షాపుకి బయల్దేరాడు. భార్య మాటలు చెవిన పెట్టే అలవాటు అతనికి లేదు.

షాపు షట్టరు ఎత్తేసరికే మీటర్లు చూసే ఆమె మెట్ల మీద ఉంది. లోపలికి వచ్చి అదే చోట కూర్చుంది. బెంచీ రిపేరుకి వచ్చేవాళ్ళ కోసమని మేనేజరు అంటే, తనదీ రిపేరేనంది. నిన్న ఎవరితోనూ మాట్లాడని మనిషి ఇవాళ పక్కన కూర్చున్నవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పసాగింది. "మూత తీయగానే ఒక ఫోటో తీసుకోండి. ఖర్చేం లేదుగా."

పది గంటలకి వచ్చినవాడు తీశాడు. అతని ఫోనులో స్టిక్కరు తెల్లగానే ఉంది, ఊదాక కూడా తెల్లగానే ఉంది. డాక్టరు గెలిచినట్టు ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. పదకొండున్నరకి ట్యూషన్లు చెప్పే పంతులమ్మ ఒకావిడ టాబ్లెట్ తెచ్చింది. కళ్ళజోడు సర్దుకుని, ఊపిరి బిగబట్టి మరీ ఫోటో తీసింది. డాక్టరు కసిగా, మామూలు కంటే గట్టిగా ఊదాడు. టార్చి వేశాడు.

"తడి కేసు," అన్నాడు అలవాటుగా.

పంతులమ్మ తన ఫోటో చూసుకుంది, టాబ్లెట్ చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. పిల్లల కాపీ పట్టుకున్నప్పుడు మాట్లాడే గొంతుతో, "ఇందులో తెల్లగా ఉంది నాయనా," అంది.

బెంచీ మీదున్న ఐదారుగురూ లేచి వచ్చారు. ఎవరో ఆ ఫోటో పెద్దది చేశారు. ఎవరో గోడ మీది ఫోటో వైపు చూసి, "ఇదా ఈ నెల ఘనకార్యం," అన్నారు. మీటర్లావిడ మాత్రం లేవలేదు. డాక్టరు టాబ్లెట్ పట్టుకుని, ఒక్క నిమిషం అని వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

వెనక గదిలో ఒక ట్రే నిండా పనికిరాని ఫోన్లున్నాయి. స్టిక్కరు తెల్లగా ఉన్నవి మూడు ఏరాడు. స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. మొదటిదాన్ని అప్పుడే కవరు విప్పిన రబ్బరు బుడ్డితో కొట్టి భూతద్దం కింద పెట్టాడు. తెలుపు. రెండోదాన్ని నోటితో ఊదాడు. చూస్తుండగానే అంచున సూదిమొనంత ఎర్రచుక్క లేచి, పాకి, స్టిక్కరంతా పట్టేసింది. మూడోదాన్ని ఊదాల్సిన అవసరం లేదు, అయినా ఊదాడు. అదీ ఎర్రబడింది.

నాలిక దానంతటదే వెళ్ళి ముందుపన్ను లేని సందులో ఆగింది. పద్దెనిమిదేళ్ళ ఊపిరి కాదు తప్పు, రెండు నెలల సందు. రోజూ వందసార్లు ఊదిన ఆ నోట్లోంచి ఒకోసారి గాలితో పాటు తుంపర వెళ్ళి సరిగ్గా స్టిక్కరు మీద పడుతోంది. ఈ రెండు నెలల్లో తను పట్టుకున్న దొంగల్లో ఎక్కువమంది తను తయారు చేసినవాళ్ళే. వాళ్ళ ముఖాలు గుర్తు తెచ్చుకోబోయాడు. ఒక్కటీ గుర్తు రాలేదు, ఎవరి ముఖమూ సరిగ్గా చూడలేదు గనక. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

ఆ తర్వాత చేసిన పని అతను ముందే చేయాల్సింది. మీటర్లావిడ ఫోను తెచ్చి పూర్తిగా విప్పాడు. స్టిక్కరు ఎర్రగా కనిపించగానే మిగతాది చూడటం మానేసిన మనిషి, ఇప్పుడు ఒక్కో అతుకూ భూతద్దం కింద పెట్టి చూశాడు. బ్యాటరీ తీగ బోర్డుకి కలిసేచోట టంకం చాలినంత లేదు, వెంట్రుకంత పగులు ఉంది. ఫ్యాక్టరీలోనే పడిన లోపం. మిగతా అంతా పొడిగా, అద్దంలా ఉంది. ఇంత శుభ్రంగా వాడిన ఫోను అతను ఈ మధ్య చూడలేదు.

మేనేజరుకి చెప్పాడు. మేనేజరు విన్నాడు, కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు.

"ఎంతమంది?"

"అరవై రెండు. అన్ని రిపోర్టులూ తప్పు కాకపోవచ్చు."

"అయితే ఏవి తప్పో, ఏవి ఒప్పో మీకే తెలియదు. నాకసలే తెలియదు. పన్ను కట్టించుకోండి, రబ్బరు బుడ్డి వాడండి, ఇక్కడితో వదిలేయండి."

"ఆవిడ పని పోతుంది."

"ఆవిడకి ఇచ్చారంటే అరవై మందీ వచ్చి నా నెత్తి మీద కూర్చుంటారు. షాపు ముద్ర మాత్రం వెయ్యను డాక్టరు గారూ. మీరు రాసుకుంటే రాసుకోండి, మీ సంతకం, మీ ఖర్మ."

పంతులమ్మ టాబ్లెట్ ఆ సాయంత్రమే బాగుచేసి ఇచ్చాడు. మీటర్లావిడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కౌంటరు ఇవతలికి వచ్చి నిలబడటం అతనికి కొత్త, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జరిగింది చెప్పాడు. పన్ను సంగతి చెప్పేటప్పుడు నేల చూశాడు. కొత్త రిపోర్టు చేత్తో రాసి ఇస్తానన్నాడు.

ఆమె మొత్తం విని, "కాగితం సరిపోదు," అంది. "కంప్యూటరుది మీరు పంపించారు. ఇది నేను రాయించుకొచ్చానంటారు. రేపు పదింటికి మీరే రండి."

"నాకు డ్యూటీ ఉంటుందమ్మా."

"నాకూ ఉండేది," అంది ఆమె.

గురువారం పదింటికి ఇద్దరూ ఆమె ఆఫీసులో అధికారి బల్ల ముందు నిలబడ్డారు. కూర్చోమని ఎవరూ అనలేదు. పక్క బల్లల దగ్గర ముగ్గురు గుమాస్తాలు పని చేస్తున్నట్టు వింటున్నారు. అధికారి కంప్యూటర్లోంచి తీసిన రిపోర్టునీ, చేత్తో రాసిన రిపోర్టునీ పక్కపక్కన పెట్టాడు.

"అందులోనూ మీ పేరే, ఇందులోనూ మీ పేరే. మంగళవారం తడిసిన ఫోను బుధవారానికి ఆరిపోయిందా?"

"మంగళవారం రాసింది తప్పండీ."

"ఈవిడ మీకేమవుతుంది?"

"ఏమీ కాదండీ."

"ఏమీ కానావిడ కోసం పని మానుకుని వచ్చారు." అధికారి గుమాస్తాల వైపు చూశాడు. వాళ్ళు నవ్వొద్దనుకుంటూనే నవ్వారు. మీటర్లావిడ ముఖం ఎర్రబడింది, కానీ నోరు విప్పలేదు. ఇది తన వంతు కాదని ఆమె ముందే తేల్చుకుని వచ్చినట్టుంది.

డాక్టరు చేత్తో రాసిన రిపోర్టు మీద వేలు పెట్టాడు. "నేను నోటితో ఊదుతానండీ. ఊదకూడదని కంపెనీ రూలు. నాకు ముందుపన్ను లేదు. ఊదినప్పుడు ఉమ్ము పడి స్టిక్కరు ఎర్రబడింది. ఫోనులో లోపం తయారీది."

"పన్ను లేదా?"

"లేదండీ."

"మాట్లాడుతుంటే కనపడటం లేదే."

పెదాలు బిగించి మాట్లాడటం అతను రెండు నెలల్లో బాగా నేర్చుకున్నాడు. ఇప్పుడు దాచడానికి వీల్లేకపోయింది. పై పెదవి వేలితో ఎత్తి నోరు తెరిచాడు. అధికారి తల వంచి చూశాడు. ఒక గుమాస్తా కుర్చీలోంచి లేచి మరీ చూశాడు. వచ్చినవాళ్ళందరి నోళ్ళూ మూయించిన మనిషి, నలుగురి ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఎంతసేపు తెరవాలో ఎవరూ చెప్పలేదు.

"సరే, మూయండి," అన్నాడు అధికారి చివరికి. "ఇందాక అన్నది ఇక్కడే, నా ఎదురుగా రాసివ్వండి. తుంపర గింపర అని కాదు, ఏం పడిందో అదే రాయండి."

రాశాడు. ఆ ఒక్క మాట దగ్గర పెన్ను ఆగింది, తర్వాత కదిలింది. అధికారి కాగితం చదివి, సంతకం చేసి, ఆమెకి వేరే ఫోను ఇవ్వమని గుమాస్తాకి చెప్పాడు.

వరండాలోకి వచ్చాక ఆమె కొత్త ఫోనుని ఆ గుడ్డ తొడుగులో పెట్టి బొత్తం వేసింది. థాంక్స్ అంటుందేమోనని డాక్టరు ఆగాడు, అంటే ఏమనాలో కూడా అనుకున్నాడు. ఆమె అనలేదు.

"మిగతావాళ్ళ నంబర్లు మీ దగ్గర ఉంటాయి కదా," అంది.

"రిజిస్టర్లో ఉంటాయి."

"నాకు ఉద్యోగం పోతుంది గనక బెంచీ మీద కూర్చున్నాను. వాళ్ళు మీ మాట నమ్మి వెళ్ళిపోయారు." టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం లోపల ఆమెకి ఇంకా నాలుగు వీధులున్నాయి.

షాపులో మేనేజరు అతన్ని చూసి అద్దాల గది తలుపు వేసుకున్నాడు. పొమ్మనలేడు, అక్కడ టంకం పట్టగలిగినవాడు ఇంకొకడు లేడు. డాక్టరు రిజిస్టరు తీసి రెండు నెలల కింది పేజీ తెరిచాడు. మొదటి తడి కేసు ఎవరిదో మగమనిషిది. పక్కన తన చేతిరాతతోనే, 'అబద్ధాలు చెబుతున్నాడు' అని ఉంది. షాపు ఫోను అందుకుని నంబరు నొక్కాడు.

"హలో, సర్వీసు సెంటరు నుంచండీ. మీ ఫోను సంగతి—"

అంతే. అవతలి మనిషికి ఈ రెండు నెలలుగా లోపల దాచుకున్నది చాలా ఉంది. ఆ ఫోనులో తన తల్లి ఆఖరి మాటలున్నాయన్నాడు. నీళ్ళలో ముంచావని ఇంట్లో వాళ్ళు కూడా తననే అన్నారన్నాడు. నలుగురి ముందు దొంగలా నిలబెట్టారన్నాడు. ఆ తర్వాత అన్నవి అచ్చులో వేసేవి కావు. డాక్టరు ఒక్కసారి కూడా అడ్డం పడలేదు. అవతలివాడు అలిసిపోయి, ఇంకెప్పుడూ చెయ్యొద్దని ఫోను పెట్టేశాడు.

డాక్టరు చెప్పాల్సింది ఒక్క ముక్క కూడా చెప్పలేదు. రిజిస్టర్లో కింద ఇంకా అరవై పేర్లున్నాయి. అయినా వాటి దగ్గరికి వెళ్ళకుండా, మళ్ళీ అదే నంబరు నొక్కాడు.